మార్కెట్ వాటా పెంచుకోవాలా, మార్జిన్ కాపాడుకోవాలా? ఐప్యాడ్ మినీ, షావోమీ లెక్కలు

గోదారిగట్టు అడిగారు:

ఆపిల్ పాత లెక్కలు చూస్తుంటే ఒకచోట ఆగిపోయాను. 2012 ఆర్థిక సంవత్సరంలో 5.83 కోట్ల ఐప్యాడ్లు అమ్మితే 3,094 కోట్ల డాలర్లు వచ్చాయి. 2013లో 7.10 కోట్లు అమ్మితే 3,198 కోట్లు. అమ్మిన సంఖ్య 22 శాతం పెరిగితే రాబడి పెరిగింది 3 శాతమే. సగటు ధర 531 డాలర్ల నుంచి 450కి జారింది. కంపెనీ మొత్తం గ్రాస్ మార్జిన్ (రాబడిలో సరుకు ఖర్చు పోగా మిగిలే శాతం) 43.9 నుంచి 37.6 శాతానికి పడింది. పోనీ మార్కెట్ వాటా అయినా పెరిగిందా అంటే అదీ లేదు, మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల్లో అదే కాలంలో బాగా తగ్గింది.

అంటే 329 డాలర్లకి చిన్న ఐప్యాడ్, అదే మినీ తెచ్చి రెండూ పోగొట్టుకున్నట్టే కదా? ఇంకోపక్క షావోమీ 2018లో హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని బహిరంగంగా మాటిచ్చి మరీ పెద్దదైంది. ఇందులో ఏది దారి? దయచేసి లెక్కతో చెప్పండి.

కాస్ట్‌షీట్:

మార్జిన్ తగ్గిందన్నది నిజం. వాటా పోయిందన్నదాన్ని మాత్రం విడదీసి చూడాలి.

మినీని ప్రకటించింది 2012 అక్టోబర్ చివర్లో. అప్పటికే అమెజాన్ కిండిల్ ఫైర్ హెచ్‌డీ, గూగుల్ నెక్సస్ 7 ట్యాబ్లెట్లు రెండూ 199 డాలర్లకి దొరుకుతున్నాయి. అంతకుముందు మొదటి కిండిల్ ఫైర్ అదే ధరకి వచ్చిన కొత్తలో దాన్ని విప్పి చూసిన పరిశోధన సంస్థ ఐసప్లై వేసిన అంచనా ప్రకారం విడిభాగాలు, అసెంబ్లీ కలిపితేనే 201.70 డాలర్లు. ఎదుటివాడు డబ్బా మీద పైసా ఆశించకుండా, పుస్తకాల మీదో సినిమాల మీదో తర్వాత రాబట్టుకుందామని వచ్చాడు. అలాంటివాడితో ధరలో పోటీకి దిగితే గెలిచేది లేదు. ఆపిల్ దిగలేదు కూడా, 329 దగ్గరే ఆగింది. పెద్ద ఐప్యాడ్‌కి 499 పెట్టలేక పక్కకి పోయే కొనుగోలుదారుని ఆపడం వరకే ఆ ధర పని. మినీ మార్జిన్ కంపెనీ సగటు కన్నా బాగా తక్కువని వాళ్ల ఫైనాన్స్ అధికారి ఆ నెలలోనే ఇన్వెస్టర్లకి చెప్పారు. తెలిసి వదులుకున్న మార్జిన్ అది. పైగా ఆ 6 పాయింట్లూ మినీ ఒక్కదాని ఖాతాలో వేయకండి. ఐఫోన్ 5తో సహా ఆ సీజన్లో సరుకంతా కొత్తదే, కొత్త మోడల్‌కి మొదట్లో తయారీ ఖర్చు ఎప్పుడూ ఎక్కువే.

ఇక వాటా. ఆ ఏడాది పేరూ ఊరూ లేని చవక 7 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు వరదలా వచ్చి భాగహారంలో కింది అంకెని, అంటే మొత్తం మార్కెట్‌ని పెంచేశాయి. అవి కొన్నవాళ్లలో ఎక్కువమంది ఐప్యాడ్ వైపు ఎటూ చూసేవాళ్లు కాదు. సొంత కొనుగోలుదారులు 22 శాతం పెరిగారా లేదా అన్నదే అసలు ప్రశ్న. పెరిగారు. వాళ్ల మీద తర్వాత ఏం వస్తుందంటారా, 2024 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్ వస్తువుల మీద గ్రాస్ మార్జిన్ 37.2 శాతం, సర్వీసుల మీద 73.9 శాతం.

బెజవాడ_డిస్ట్రిబ్యూటర్:

ధర తగ్గిస్తే ఏమవుతుందో మన మార్కెట్ లెక్కలో చూపిస్తాను. ఖర్చుల అంకెలు ఊహించినవే, లెక్క కట్టే పద్ధతి మాత్రం అసలుది.

షాపులో 15,000 పలికే ఫోన్ తీసుకోండి. 18 శాతం జీఎస్టీ తీస్తే 12,712. డిస్ట్రిబ్యూటర్‌కి, డీలర్‌కి (వీళ్లనే ఛానల్ అంటాం) కలిపి 10 శాతం పోతే కంపెనీ చేతికి 11,441. విడిభాగాలు, అసెంబ్లీ, పేటెంట్ రాయల్టీలు, రవాణా, వారంటీ కలిపి 10,550 అనుకుందాం. మిగిలేది 891.

ఇప్పుడు వాటా కోసం వెయ్యి తగ్గించారు. 14,000లో జీఎస్టీ పోగా 11,864, ఛానల్ పోగా 10,678, మిగిలేది 128. పాత గ్రాస్ లాభం రావాలంటే ఏడు రెట్లు అమ్మాలి! అదే 80,000 ఫోన్ అయితే, ఖర్చు 38,000 అనుకుంటే మిగిలేది 23,017. దాదాపు అదే శాతం, అంటే 5,000 తగ్గిస్తే 19,203. ఇక్కడ 20 శాతం ఎక్కువ అమ్మితే చాలు. పైనున్నవాడు ధర తగ్గించి బతకగలడు, కిందున్నవాడికి ఆ వీలే లేదు. తగ్గించేది మాత్రం కిందున్నవాడే, అదీ తమాషా.

ఇంకో దెబ్బ ప్రైస్ డ్రాప్. ధర తగ్గించిన రోజుకి డీలర్ల దగ్గర అమ్ముడుపోకుండా ఉన్న ప్రతి పీసుకీ తేడా మొత్తాన్ని కంపెనీ క్రెడిట్ నోట్‌గా, అంటే డీలర్ ఖాతాలో జమగా ఇవ్వాలి. ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక నంబర్) చూసి, ఎవరూ కొని ఆన్ చేయని, అంటే యాక్టివేట్ కానివాటికే ఇస్తారు. ఇక్కడ తేడా పీసుకి 763. ఛానల్లో 2 లక్షల పీసులుంటే 15.26 కోట్లు. అదే 2 లక్షల పీసుల మీద అప్పటికే పుస్తకాల్లో చూపించిన గ్రాస్ లాభం 17.82 కోట్లు. ఒక్క సర్క్యులర్‌తో దాదాపు అంతా వెనక్కి పోయింది.

ట్యాబ్లెట్లలో దీని పెద్ద రూపం సర్ఫేస్ ఆర్‌టీ. 2013 జులైలో మైక్రోసాఫ్ట్ 499 డాలర్ల మోడల్‌ని 349కి దించి, ఆ స్టాక్ కిందే 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది.

ఫర్మ్‌వేర్:

షావోమీ మాటిచ్చింది హార్డ్‌వేర్ మీద నికర లాభానికి మాత్రమే. దానికీ గ్రాస్ మార్జిన్‌కీ ముడిపెట్టకండి, ఇంటర్నెట్ సర్వీసులకి ఆ హద్దే లేదు. 2018లో వాళ్ల ఫోన్ల గ్రాస్ మార్జిన్ 6.2 శాతం, 2023లో 14.6.

2023 లెక్కే చూడండి. ఫోన్ల రాబడి 15,750 కోట్ల యువాన్లు, అందులో గ్రాస్ లాభం సుమారు 2,300 కోట్లు. ప్రకటనలు, యాప్ స్టోర్, గేమ్‌ల లాంటి ఇంటర్నెట్ సర్వీసుల రాబడి 3,010 కోట్లే, కానీ మార్జిన్ 74.2 శాతం, అంటే లాభం సుమారు 2,230 కోట్లు. రాబడిలో అయిదో వంతు కూడా లేని విభాగం ఫోన్లతో సమానంగా సంపాదిస్తోంది. చవకగా అమ్మడానికి ఆధారం ఇదే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. అప్పటికి వాళ్ల వాడకందార్లు సుమారు 64 కోట్లు, అందులో చైనాలో ఉన్నది 15.5 కోట్లే. అయినా ఇంటర్నెట్ రాబడిలో చైనా బయటినుంచి వచ్చింది దాదాపు 28 శాతం. మన దగ్గర ప్రకటనల రేట్లు తక్కువన్నది ఒక కారణం. అంతకన్నా పెద్దది, చైనాలో ప్లే స్టోర్ లేదు కాబట్టి అక్కడ యాప్ స్టోర్ షావోమీదే. ఇక్కడ ఫోన్ షావోమీది, స్టోర్ గూగుల్‌ది. ఆండ్రాయిడ్ ఫోన్ల వాటా ఎవరు పెంచినా యాప్‌ల మీద, సెర్చ్ మీద వచ్చేదాంట్లో సింహభాగం గూగుల్‌కే పోతుంది. అదే ఆపిల్ అయితే సెర్చ్ మీద కూడా వసూలు చేస్తుంది. ఆపిల్ బ్రౌజర్ సఫారీలో తన సెర్చ్‌ని డిఫాల్ట్‌గా ఉంచినందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది.

అందుకే 'వాటా వస్తే లాభం అదే వస్తుంది' అన్న మాట ఒక్కో దేశంలో ఒక్కోలా తేలుతుంది.

పాత_నోకియా:

పైన రాసిన ముగ్గురితోనూ ఒక్క విషయంలో ఏకీభవించను. వాటాకి విలువే లేదన్నట్టు ధ్వనిస్తోంది.

బెజవాడ గారి 891 రూపాయల్లోంచే మోడల్ తయారుచేసిన ఖర్చు కూడా రావాలి. డిజైన్, అచ్చులు, టెస్టింగ్, అప్‌డేట్లు కలిపి మోడల్‌కి 60 కోట్లు అనుకోండి. 3 లక్షల ఫోన్లు అమ్మితే ఫోన్‌కి 2,000 పడుతుంది, నిండా మునిగినట్టే. 30 లక్షలు అమ్మితే 200. కాబట్టి సంఖ్య కావాల్సిందే. అయితే కావాల్సింది మోడల్‌కి ఎంత అన్నది. ఇరవై మోడళ్లతో 10 శాతం వాటా తెచ్చుకున్నవాడి కన్నా నాలుగు మోడళ్లతో 6 శాతం తెచ్చుకున్నవాడే మేలు. స్పేర్ డిస్‌ప్లేలు, బ్యాటరీలు సర్వీస్ సెంటర్లలో నిల్వ ఉంచే భారం కూడా మోడళ్లతో పాటే పెరుగుతుంది.

వాటా ఉండి లాభం లేకపోతే ఏమవుతుందో ఎల్‌జీని చూడండి. ఉత్తర అమెరికాలో మూడో స్థానంలో ఉండి కూడా వరసగా 23 క్వార్టర్లు నష్టపోయి 2021 ఏప్రిల్లో ఫోన్ల వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించింది. మొత్తం నష్టం సుమారు 450 కోట్ల డాలర్లు. మైక్రోమ్యాక్స్ సంగతి వేరు. 2014 చివరి క్వార్టర్లో మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో శాంసంగ్‌ని దాటిందని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ లెక్కగట్టింది, శాంసంగ్ ఒప్పుకోలేదనుకోండి. కానీ ఫోన్లలో చాలావరకు చైనా ఫ్యాక్టరీల రెడీమేడ్ డిజైన్లే. మార్జిన్ పలచన కాబట్టి సొంత డిజైన్‌కి మిగిలింది తక్కువ. 2016 సెప్టెంబర్లో జియో 4జీ వచ్చేసరికి జనం 3జీ ఫోన్ల వైపు చూడటం మానేశారు. మన హైదరాబాద్ సెల్‌కాన్‌తో సహా దేశీ బ్రాండ్లన్నీ అక్కడే వెనకబడ్డాయి.

గోదారిగట్టు:

బాగా అర్థమైంది, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటే మిగిలింది. ఏదైనా కంపెనీ వాటా పెరిగిందని వార్త వస్తే అది నిజంగా అమ్మినదో, ఛానల్లోకి తోసినదో బయటినుంచి ఎలా పట్టుకోవాలి?

బెజవాడ_డిస్ట్రిబ్యూటర్:

ముందు ఆ అంకె షిప్‌మెంట్లదో, యాక్టివేషన్లదో చూడండి. ఎక్కువ రిపోర్టుల్లో ఉండేది షిప్‌మెంట్లే, అంటే కంపెనీ నుంచి ఛానల్లోకి వెళ్లిన సరుకు. అమ్ముడుపోయిందో లేదో అందులో తెలియదు.

తర్వాత సగటు అమ్మకం ధర. వాటా పెరుగుతూ సగటు ధర రెండు క్వార్టర్లు వరసగా పడుతుంటే కొనుక్కున్న వాటా అది. కంపెనీ సొంత ఇన్వెంటరీ రోజులు (చేతిలో ఉన్న సరుకు అమ్ముడుపోవడానికి పట్టే రోజులు), డీలర్ల నుంచి రావాల్సిన బాకీలు అమ్మకాల కన్నా వేగంగా పెరుగుతుంటే సరుకు ఎక్కడో ఇరుక్కుంది. ఆపిల్ విషయంలో మాత్రం 2018 నవంబర్లో చెప్పి మరీ ఎన్ని అమ్మిందో ఇవ్వడం ఆపేసింది కాబట్టి అమ్మిన సంఖ్య, సగటు ధర బయటివాళ్ల అంచనాలే.

మన దేశం వరకూ సెప్టెంబర్ క్వార్టర్ ర్యాంకులు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. దీపావళి స్టాక్ ఆ నెలలోనే దించేస్తారు. మార్చి క్వార్టర్ అంకెలతో కలిపి చూస్తే ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. పండగైన నెలరోజులకే ఆ మోడళ్ల మీద ప్రైస్ డ్రాప్ వచ్చిందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.