మెట్‌ఫార్మిన్ వాడే పేషెంట్‌కి కాంట్రాస్ట్ సీటీ: క్రియాటినిన్ 1.6 ఉంటే వెనక్కి పంపాలా?

సీటీరూమ్_తిరుపతి:
అన్నా, 62 ఏళ్ల మగ పేషెంట్. కడుపు సీటీ కాంట్రాస్ట్‌తో (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనపడేందుకు నరంలోకి ఎక్కించే మందు) రాశారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఉన్న గ్లైకోమెట్ జీపీ మాత్ర. "మాత్ర రెండు రోజులు ఆపి రండి" అంటే పలమనేరు నుంచి మళ్లీ రావాలి. నిజంగా పంపాలా?

రేడియో_చిత్తూరు:
పంపొద్దు. క్రియాటినిన్ ఒక్కటే చూసి తేల్చకండి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయనే అంచనా) కట్టండి. వయసు, ఆడా మగా కూడా చూసే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం లెక్కలో ఈయనకు సుమారు 48 వస్తుంది. అదే 1.6, అదే వయసు ఆడమనిషికైతే 36 దగ్గర ఆగుతుంది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ మాన్యువల్ ప్రకారం ఈజీఎఫ్ఆర్ 30, ఆపైన ఉండి, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్న సూచన లేకపోతే మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు. 30 కంటే తక్కువైతే స్కాన్ వేళకు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్లీ మొదలు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో 30–60 వాళ్లనూ ఇలాగే ఆపమంది. మీ సెంటర్ ఆ పద్ధతిలో నడిచినా, స్కాన్ రోజు నుంచి ఆపితే చాలు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచెయ్యదు. కాంట్రాస్ట్ పడ్డాక కిడ్నీ మందగిస్తే ఆ మందు బయటికి పోక పేరుకుని లాక్టిక్ అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు, భయమంతా అదే. అందుకే స్కాన్ తర్వాతి రెండు రోజులు ముఖ్యం.

షుగర్_క్లినిక్:
ఒక మాట. జీపీలో షుగర్ తగ్గించే మరో మందు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. పరగడుపున వేసుకుంటే షుగర్ పడిపోతుంది, రెండు రోజులు మొత్తం మానేస్తే పెరుగుతుంది. ఆపాల్సివస్తే ఆ రెండు రోజులకు వేరే మాత్ర రాయమని రాసిన డాక్టరునే అడగండి. పేరు కాదు, అట్ట వెనక ఏ మందులున్నాయో చదవండి.

పరగడుపున వచ్చినా నీళ్లు మాత్రం ఆపనివ్వకండి. తెల్లారి బస్సెక్కి గొంతు తడుపుకోకుండా మే ఎండలో వచ్చినోళ్లకు కాంట్రాస్ట్ ఎక్కిస్తే కిడ్నీకి కష్టం. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫినాక్ (కిడ్నీకి భారమయ్యే నొప్పి మాత్ర) మింగుతున్నారేమో కూడా అడగండి, తప్పకుండా.

స్కాన్_టెక్_పీలేరు:
మోచేతి మడతలో 20 గేజ్ కాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం). కాంట్రాస్ట్‌ను 3 మి.లీ./సెకనుకు తోసే ముందు 10 మి.లీ. సెలైన్ చేత్తో ఎక్కించి వాపు లేదని చూసుకోండి. నరం బయటికి లీకైతే వెంటనే ఆపి, చెయ్యి పైకెత్తి పెట్టి చల్లటి కట్టు వేయండి. బొబ్బలు, తిమ్మిరి, నొప్పి పెరగడం కనిపిస్తే సర్జన్‌ను పిలవండి. చేపలు పడవా అని అడగడం దండగ, గతంలో కాంట్రాస్ట్‌తో అలర్జీ వచ్చిందా అనేదే అసలు ప్రశ్న. అర్ధగంట కూర్చోబెట్టాక పంపండి. ఊపిరాడకపోయినా బీపీ పడిపోయినా తొడకు అడ్రినలిన్ 0.5 మి.గ్రా. కండరంలోకి, ఆలస్యం చెయ్యకుండా.

సీటీరూమ్_తిరుపతి:
సరే. క్రియాటినిన్ మూడు నెలల కిందటిది. చెల్లుతుందా?

రేడియో_చిత్తూరు:
షుగర్ పేషెంట్, 1.6. చెల్లదు. అక్కడే రక్తం తీయించి, రిపోర్ట్ వచ్చాక టేబుల్ మీదికి తీసుకోండి.