ఆవకాయ పెట్టేది చూపిద్దామని విలేకరులను పిలుస్తున్నాం, సలహా ఇవ్వండి

నమస్తే అండీ. మాది కాకినాడ దగ్గర చిన్న పచ్చళ్ల వ్యాపారం. మా అత్తగారు, నేను, ఇంకో ఆరుగురు ఆడవాళ్లం. ఈ మే నెలలో కాయ కొట్టే రోజున పదిమంది విలేకరులను, యూట్యూబ్ వాళ్లను పిలిచి అంతా కళ్లారా చూపిద్దామనుకుంటున్నాం.

కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు కడిగి, తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకేదాకా ఇబ్బంది లేదు. టెన్షనల్లా కలిపే గదితోనే. తడి చెయ్యి తగిలితే జాడీ మొత్తం బూజు పడుతుంది. పైగా ఆవపిండి, కారం కలిపేటప్పుడు అలవాటు లేనివాళ్లు తుమ్ముతూనే ఉంటారు (పోయినేడు ఫొటోలు తీయడానికొచ్చిన మా మరిదికి కెమెరా తుడుచుకోవడమే సరిపోయింది). అద్దం అవతల నుంచి చూపిస్తే చాలా, టోపీలు, మాస్కులు ఇచ్చి ఇద్దరిద్దరిని లోపలికి పంపాలా?

ఇంకోటి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపితేగానీ రుచి తెలియదు. ముందే ఒక జాడీ పెట్టి ఉంచి, వేడన్నం, నెయ్యితో అది వడ్డిస్తే మోసం చేసినట్టుంటుందా? కొలతలు మాత్రం చెప్పేది లేదని అత్తగారు భీష్మించుకు కూర్చున్నారు. అడిగితే ఏమని దాటెయ్యాలి?

వెళ్లేటప్పుడు తలా ఒక సీసా ఇస్తే చాలదా? డబ్బులు పెట్టిన కవర్లు కూడా ఇవ్వాలంటున్నారు, నాకది నచ్చలేదు. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే చెప్పండి.