అప్‌డేట్: కిందపడ్డాక కాసేపు నడిచి ఆగిపోతున్న స్కూటర్, దొరికింది కారణం

పోయిన నెల అడిగా కదా, వానలో జారి పడ్డాక నా పాత కార్బ్యురేటర్ స్కూటర్ స్టార్ట్ అయి రెండు కిలోమీటర్లకే ఆగిపోతోంది, షెడ్డులో 2800 అన్నారు అని. వ్యాక్యూమ్ పైపు చూడమన్న అన్నకి దండం! పెట్రోల్ కాక్‌కి (ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే వాల్వ్, ఇంజన్ పీల్పుకి తెరుచుకుంటుంది) వెళ్ళే ఆ సన్న పైపు చివర చీలింది, ఇంజన్ పీల్చినా గాలి లీకై కాక్ సరిగ్గా తెరుచుకోవట్లేదు, కార్బ్యురేటర్ గిన్నెలో ఉన్న పెట్రోల్ అయ్యేదాకా నడిచి ఆగేది. కొత్త పైపు 40 రూపాయలు, అంతే. నేను ముందే మార్చిన ప్లగ్ దండగ, ఎయిర్ ఫిల్టర్‌కీ దీనికీ సంబంధమే లేదు. పగిలిన సైడ్ ప్యానెల్‌కి సోల్డరింగ్ ఐరన్‌తో స్టాప్లర్ పిన్నులు దించా, కుట్లేసినట్టుంది గానీ ఊగట్లేదు. వంగిన బ్రేక్ లివర్ మాత్రం సరిచేయలేదు, విరిగితే చేతికొస్తుంది, కొత్తదే వేశా. వారం నుంచి రోజూ దాని మీదే తిరుగుతున్నా, అందరికీ థ్యాంక్స్.