నాలుగెకరాల చీనీ తోటకు డ్రిప్, లోన్: ఎక్కడ మొదలెట్టాలి?

కదిరి_కుర్రోడు:
బెంగళూరులో ఉద్యోగం మానేసి నిరుడు ఊరికొచ్చేశాను. నాన్న పేరు మీద నాలుగెకరాలుంది, చీనీ (బత్తాయి) పెట్టాలని ఉంది. బోరులో వచ్చేది రెండించుల నీళ్లే. డ్రిప్‌కు సబ్సిడీ, పెట్టుబడికి లోన్ కావాలి. యూట్యూబ్ చూస్తే యాభై పథకాలు చెప్తున్నారు. ఒక ఆఫీసుకెళ్తే ఇంకో ఆఫీసుకు పొమ్మంటున్నారు. తీసుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

చీనీతోట_అక్క:
తమ్ముడూ, ఆఫీసులు తిరగడం ఆపి ముందు మీ ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లు. మొన్నటిదాకా రైతు భరోసా కేంద్రం (ఆర్‌బీకే) అన్నాం కదా, అదే. డ్రిప్‌కు పేరు అక్కడే రాసుకుంటారు. ఐదెకరాల్లోపు రైతుకు 90 శాతం సబ్సిడీ, ఎస్సీ, ఎస్టీ రైతులైతే 100. పాసుబుక్కు, 1బి (భూమి రికార్డు), ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు పట్టుకెళ్లు. పొలం చూడ్డానికి వస్తారు, డిజైన్ వేస్తారు, మన వాటా కట్టాక సామాను దిగుతుంది.

మాది ఎక్కడ ఆగిందో తెలుసా? పాసుబుక్కులో మా ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం. దానికి రెండు నెలలు పట్టింది. ఈ రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో.

సామాను దిగిన రోజు పొలంలోనే ఉండు. పైపుల చుట్టలు లెక్కపెట్టి, ఫిల్టరు మూత విప్పి చూశాకే సంతకం పెట్టు. అదే భూమికి మళ్లీ సబ్సిడీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి. మా నీళ్లు ఉప్పు నీళ్లు. రెండో ఏడుకే డ్రిప్పర్ల నోటి దగ్గర సున్నంలా తెల్లగా గట్టిపడి, యాసిడ్ పెట్టి కడిగితే గానీ చుక్క రాలేదు.

మెట్టరైతు:
రెండించుల నీళ్లకు చీనీ అంటే నాకు భయమే. డ్రిప్ సరే, బోరు ఎండితే? మేము 2022లో ఉపాధి హామీ కింద పంట కుంట తవ్వించుకున్నాం. జాబ్ కార్డు ఉంటే చాలన్నారు. చేసిన తప్పు ఒకటే. తవ్వడానికి సులువని దారి పక్కన మిట్ట మీద తవ్వించాం. వాన పడితే నీళ్లన్నీ పక్క చేలోకి పోతాయి, మా కుంటలో మేకలు పడుకుంటాయి. వాన రోజు గొడుగేసుకుని పొలంలో నిలబడి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి చోటు గుర్తు పెట్టుకో.

కౌలు_గోదారి:
భూమి ఉన్నవాళ్ల కష్టాలు కూడా ముద్దుగానే ఉన్నాయి! మాకు సెంటు లేదు. 2011 చట్టంతో కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చారు, 2019 చట్టంతో అది సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు కార్డు) అయింది. 11 నెలల కార్డు. దాంతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉన్నా, యజమాని సంతకానికి వణుకుతాడు. మా భూమి యజమానిని బతిమాలి పెట్టించుకుని బ్యాంకుకెళ్తే, ఆ సర్వే నంబరు మీద పంట రుణం అప్పటికే ఆయన వాడేసుకున్నాడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఆయన పండించేది కుండీలో కరివేపాకు. చివరికి ఐదుగురం కలిసి జేఎల్‌జీ (అప్పుకు అందరూ కలిసి పూచీ ఉండే) గ్రూపు కట్టి లోన్ తెచ్చుకున్నాం. నలుగురైనా చాలు, పదిమంది దాటకూడదు.

పసుపు_నిజామాబాద్:
తమ్ముడూ, ఏ లోన్ దేనికో ముందు తేల్చుకో. పంట పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 తగ్గి 4 పడుతుంది. ఒక్క రోజు దాటినా ఆ 3 పోయినట్టే, ఫోన్లో అలారం పెట్టుకో. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు.

రేపు కాయ గ్రేడింగ్‌కు షెడ్డో, గోదామో అనుకుంటే ఏఐఎఫ్ (కేంద్రం పెట్టిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి) ఉంది. 2 కోట్ల దాకా లోన్‌కు ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ. నా గోదాము దాంతోనే కట్టా. ఆన్‌లైన్‌లో అప్లై చేయడం తేలికే, కానీ డబ్బులిచ్చేది బ్యాంకు. నేను మొదట వెళ్లిన చోట మేనేజరు ఆ పేరే వినలేదన్నాడు. ప్రింట్ తీసిస్తే వచ్చే వారం రమ్మన్నాడు. అలా ఏడు వారాలు తిరిగి ఇంకో బ్యాంకుకు మారాను.

కదిరి_కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. అక్కా, ఇప్పుడే చూశా. నాన్న పేరు పాసుబుక్కులో ఒకే ముక్క, ఆధార్‌లో మధ్యలో ఖాళీ ఉంది. ఇదీ తప్పేనా?

చీనీతోట_అక్క:
మనకు కాదు, కంప్యూటరుకు తప్పే. రేపు పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని ఆధార్ సెంటరుకు వెళ్లు. వేలిముద్ర ఆయనదే కావాలి.