వానపామును ‘ఎర్ర’ అనడం రంగును బట్టేనా?

గుణుపురం నుంచి:

అందరికీ నమస్కారం. వంశధారలో గేలం వేసే మా వాళ్లు వానపామును ‘ఎర్ర’ అంటారు. ‘ఎర్రలు తవ్వీసినావా?’ అని అడిగాకే ఏటికి బయల్దేరతాం. మా అబ్బాయి ఒడియా బడిలో చదువుతున్నాడు, అక్కడ దాని పేరు జియా. ఎర్రగా ఉంటుంది కాబట్టే ఎర్ర అన్నారా అని వాడి ప్రశ్న. మా అరటితోటలో దొరికేవి బూడిదరంగువి. వాటినీ ఎర్రలనే అంటాం మరి. ఇంకో మాట కూడా అడగాలి. ఎర్రలకు సోంపు నూనె రాసి వాసన పట్టించమని ఒకాయన చెప్పాడు. రాస్తే గంటలో వాలిపోతున్నాయి. ‘వాసన పట్టించడం’ అంటే రాయడమేనా, వేరే పద్ధతి ఏదైనా ఉందా? భాష గుంపులో చేపల గోల ఏమిటని అనుకోకండి.

పర్లాకిమిడి నుంచి:

మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒకే మాటలో ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

రంగుతో దీనికి పని లేదని నా నమ్మకం. చుట్టుపక్కల భాషలు చూడండి. కన్నడంలో వానపాము ‘ఎరెహుళు’. తమిళంలో ‘ఇరై’ అంటే పక్షులకూ జంతువులకూ దొరికే తిండి. మలయాళంలో ‘ఇర’ అంటే వేటకు చిక్కిన జంతువు, గాలానికి గుచ్చేది కూడా. ఎరుపుకు కన్నడిగులు కెంపు అంటారు, తమిళులు చివప్పు అంటారు. కాబట్టి ఎరెహుళు అన్నప్పుడు కన్నడిగుడికి ఏ రంగూ గుర్తు రాదు. మన దగ్గర రంగు పేరు, పురుగు పేరు ఒకేలా పలకడం వల్ల ఈ అనుమానం వచ్చింది. పురుగు ‘ఎర్ర’ మన ‘ఎర’కు చుట్టం. పొలానికి ఎరువు చేస్తుంది కాబట్టి ఎర్ర అయిందని కొందరు చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఎర అనే మాట కళ్లెదుటే ఉండగా అంత దూరం వెళ్లక్కర్లేదు.

ఇక ఎర అంటే ఏమిటి? పత్రికల్లో ఇప్పుడు ఈ మాట మోసానికే వస్తుంది. ఉద్యోగం ఎర చూపి, డబ్బు ఎర వేసి అని రాస్తారు. పాత తెలుగులో ఎర అంటే తిండి. గూట్లో పిల్లల నోటికి తల్లిపక్షి తెచ్చి అందించేదీ ఎరే. అందులో వంచన ఏమీ లేదు. గాలం కొక్కేనికి గుచ్చడం మొదలయ్యాక మాటకు రెండో అర్థం వచ్చింది, చివరికి అదే మిగిలిపోయింది. నాకు బాధగా ఉండేది ఇందుకే. మొదటి అర్థం పోతే, ఎర తయారు చేసే పద్ధతి కూడా సగం అర్థం కాకుండా పోతుంది.

ఒడియాలో ఈ రెండూ వేరు. పురుగు జియా, కొక్కేనికి పెట్టేది ఏదైనా థోప. గోధుమపిండి ఉండ అయినా, పురుగైనా, చీమగుడ్డైనా థోపే. తెలుగులో మాత్రం పురుగు పేరులోనే ఎర ఉంది. గేలం పట్టిన మన పెద్దలకు ఎర అనగానే మొదట తట్టింది ఈ పురుగేనన్నమాట.

ఇప్పుడు మీ సోంపు నూనె సంగతి. ఎర్రకు ఊపిరితిత్తులు లేవు. తడిగా ఉండే చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఒళ్లంతా నూనె పూస్తే ఊపిరాడక చస్తుంది. ఉప్పు, కారం, సున్నం, బూడిద తగిలినా బతకదు. అందుకని నేను ‘రాయడం’ అనను, ‘మేపడం’ అంటాను. ఎరకు కూడా ఎర పెట్టాలి. దాని కడుపులోకీ, అది పడుకునే పక్కలోకీ వాసన చేరాలి. ఒంటికి పూత పడకూడదు.

మా వైపు చేసే పద్ధతి ఇది. పెంటకుప్ప పక్కనో, అరటి మొదట్లోనో, వంటింటి నీళ్లు పారే చోటో తవ్వుతారు. పార తగిలి తెగినవాటిని అక్కడే వదిలెయ్యాలి. వాటిని కలిపితే కుండంతా కుళ్లుతుంది. మట్టికుండలో చెరువుగట్టు నాచు గానీ, తడిపి గట్టిగా పిండిన పాత గోనెముక్క గానీ పరిచి, పైన ఎర్రలను వదలాలి. బాగున్నవి తమంతట తామే లోపలికి దిగిపోతాయి. పైనే ఉండిపోయినవి పనికిరావు. కుండకు పలచని గుడ్డ కట్టి నీడలో పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో కడుపులోని మట్టంతా విడిచేస్తాయి. చర్మం బిగుస్తుంది, రంగు తేటపడుతుంది. అప్పుడే తవ్విన ఎర్ర కొక్కేనికి గుచ్చగానే చితికి బురద కక్కుతుంది. ఇలా ఆరబెట్టినది (ఆరబెట్టడం అంటే ఎండలో కాదు, కడుపు ఖాళీ చేయించడం) ఎక్కువసేపు కొక్కేన్ని అంటిపెట్టుకుని కదులుతుంది.

ఆ తర్వాతే మేత. వేయించి దంచిన సోంపు చిటికెడు, తౌడు గుప్పెడు, రెండూ నాచులో కలపాలి. వెల్లుల్లి వాడేవాళ్లు రెండు రెబ్బలు చితక్కొట్టి గుడ్డమూటలో కట్టి నాచు మధ్యన పెడతారు, నేరుగా తగలనివ్వరు. చెయ్యి కూడా చూసుకోవాలి. కిరసనాయిలు, సబ్బు, పొగాకు పట్టుకున్న చేత్తో ఎర్రను ముట్టుకుంటే సోంపు మేపిన శ్రమంతా వృథా.

చీమగుడ్ల గురించీ ఒక మాట. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల గుడ్లు చెరువుల్లో శీలావతి చేపకు మంచి ఎర. (ఇక్కడి ‘ఎర్ర’ మాత్రం రంగే!) ఒడియాలో ఆ చీమను కాయి పింపుడి అంటారు. మయూర్‌భంజ్ వైపు దాన్ని పచ్చడి చేసుకుని తింటారు. సిమిలీపాల్ కాయి పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎర అంటే ముందు తిండి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బరంపురం నుంచి:

మంచి చర్చ. ఒక్క సవరణ. ‘గేలం’ కాదు, ‘గాలం’ అనాలి. ‘ఎర్ర’ కూడా గ్రామ్యమే. రాసేటప్పుడు వానపాము అని రాస్తే అందరికీ తెలుస్తుంది కదా. ఇంకోటి, వాసన గురించి ఇంత చెప్పారు గానీ, దాశరథీ శతకంలో చేప చెడిపోయింది రుచికి కదా?

పర్లాకిమిడి నుంచి:

గాలం అన్న మాట ఒప్పే. గేలమూ ఒప్పే. శ్రీకాకుళం నుంచి గజపతి జిల్లా దాకా నీళ్ల ఒడ్డున వినపడేది గేలమే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవరల దగ్గర కూర్చుని విని, వాళ్ల మాటలకు నిఘంటువు చేశారు. జనం నోట బతికున్న మాటను తప్పు అనడానికి ఆ ఊళ్లో ఉండి నా నోరు రాదు. ఇక వానపాము అన్న పేరు అది బయటికి వచ్చే కాలాన్ని చెబుతుంది, ఎర్ర అన్నది దాని వాడకాన్ని చెబుతుంది. రెండూ ఉండనివ్వండి.

పద్యం గుర్తు చేసినందుకు చాలా సంతోషం. ‘వనకరి చిక్కె మైనసకు, వాచవికిం జెడిపోయె మీను’. ఒంటి దురదకు ఏనుగు చిక్కింది, వాచవికి చేప చెడింది. వాయి అంటే నోరు, చవి అంటే రుచి. వాసనకు నశించేదిగా రామదాసు తేటిని (తుమ్మెదను) చెప్పాడు, చేపకు నాలుకను ఇచ్చాడు. మరి మన వాళ్లు వాసన అంటారేం?

చేప విషయంలో ఈ రెంటి మధ్య గీత సన్నం. నీళ్లలో కరిగినదే వాసన, నీళ్లలో కరిగినదే రుచి. జెల్ల, మార్పు, వాలుగ చేపల మీసాల మీద రుచి తెలిసే మొగ్గలు ఉంటాయి, జెల్లజాతి చేపల్లో ఒంటి మీద కూడా ఉంటాయి. అవి నోరు తెరవకముందే చవి చూస్తాయి. వానాకాలం వంశధార ఎర్రమట్టి నీళ్లతో పారుతున్నప్పుడు కంటికి ఏమీ ఆనదు. అప్పుడు మేపిన ఎర్రకూ మేపనిదానికీ తేడా కనిపించేది ఈ చేపల దగ్గరే. కొరమీనుకు ఇవన్నీ అక్కర్లేదు. అది కదలికను చూసి కొట్టే చేప. దానికి బతికున్న పరిగెపిల్లను, వెన్ను రెక్క కింద పైపైన గుచ్చి, ఈదేట్టు వదలాలి. లోతుగా గుచ్చితే పరిగె చచ్చి తేలుతుంది, కొరమీను అటు చూడదు. దానికి సోంపు పట్టించడం దండగ.

కాబట్టి పద్యంలోని మాటే జెల్లకు బాగా అతుకుతుంది. నన్నడిగితే వాసన అనండి, చవి అనండి, పర్వాలేదు. క్రియ దగ్గరే జాగ్రత్త. పిండి ఉండకైతే ‘పట్టించు’, ప్రాణమున్నదానికి ‘మేపు’.

సిరోంచ నుంచి:

మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. మా దగ్గర గాలమే అంటం. మరాఠీల ‘గళ’, చెవికి రెండూ ఒకటే తీరు. మోసపోయినోన్ని వాళ్లు ‘గళాలా లాగలా’ అంటరు, కొక్కేనికి తగిలిండని. ఆశ పెట్టుడును ‘ఆమిష్ దాఖవణే’ అంటరు. ఆమిషం అంటే సంస్కృతంల మాంసమే గద. అంటే అక్కడ గూడ తిండి మాటే ఆశ చూపే మాట అయింది. సార్ చెప్పింది ఒక్క తెలుగుకే గాదు. వానపాముకు మాత్రం వాళ్లది వేరే మాట, గాండూళ. మీరు కొరమీను అన్నదాన్ని మేం బొమ్మె అంటం. పరిగె ఎర మాత్రం ఇక్కడ గూడ అదే.

గుణుపురం నుంచి:

చాలా సంతోషం అండీ. అబ్బాయికి చదివి వినిపించాను. ఒక్క సందేహం మిగిలింది. వేట అయ్యాక కుండలో మిగిలిన ఎర్రలను మళ్లీ వాడుకోవచ్చా?

పర్లాకిమిడి నుంచి:

వాడుకోవచ్చు, చచ్చినవాటిని ఆ పూటే ఏరి పారేస్తే. ఒక్కటి కుళ్లినా మిగతావి తెల్లారేసరికి మెత్తబడతాయి. నాచు మార్చండి, పాత తౌడు పులిసి వేడి పుట్టిస్తుంది. వారం దాటి ఉంచాలనుకుంటే కుండ వద్దు. తవ్విన చోటే అరటి మొదట్లో వదిలేసి తడి చెత్త కప్పండి.