ఇంజనీరింగ్ వద్దంటున్న మా చిన్నవాడికి ఏ దారి చూపమంటారు?

ప్రశ్న: నరసరావుపేట దగ్గర పల్లె నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాకు ఎకరంన్నర మిరప ఉంది. నేను ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా చిన్నవాడు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. 1000కి 612 మార్కులు. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం పశువులకు నీళ్లు పెట్టి వచ్చి, “అమ్మా, నేను ఇక కాలేజీకి వెళ్లను, పని నేర్చుకుంటాను” అన్నాడు. అంతే, ఆ మాట మీద నుంచి కదలడం లేదు.

వాడి భయం నాకు అర్థమవుతుంది. పెద్దవాడు బీటెక్ చదివాడు. ఫీజు బాకీ ఉందని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వకపోతే 85 వేలు అప్పు చేసి విడిపించుకున్నాం. రెండేళ్లుగా అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు చేస్తున్నాడు. పాపం, వాడి ప్రయత్నంలో లోపం లేదు. నెలనెలా ఇక్కడి నుంచి మేమే డబ్బు పంపుతున్నాం. ఫోనులో అన్న గొంతు వింటూ పెరిగిన చిన్నవాడు ఈ నిర్ణయానికి వచ్చాడు.

వాడికి చేతిపని అంటే ప్రాణం. బోరు మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపుకు, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టే చోటికి తీసుకువెళ్లి, పని పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుని చూసి వస్తాడు. స్టార్టర్ విప్పి సరిచేయడం వాడికి వాడే నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం వారం రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. పిల్లవాణ్ని చదివించలేకపోయానని ఊరంతా అనుకుంటుందని ఆయన బాధ.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. కాలేజీకి వెళ్లకుండా నిలదొక్కుకున్నవాళ్లు మీలో ఉంటే, ఇంటర్ తర్వాత మొదటి మూడేళ్లు ఎలా గడిపారో చెప్పండి. ఇప్పుడు ఎంత సంపాదిస్తున్నారో చెప్పకపోయినా ఫరవాలేదు. ఆ మూడేళ్లలో ఏమి జరుగుతుందో తెలియకనే మాకు నిద్ర పట్టడం లేదు.

విజయవాడ నుంచి ఒక ఏసీ మెకానిక్

అమ్మా, నమస్తే. నేను 2006లో ఐటీఐలో చేరాను. రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు, రెండేళ్లు. మా నాన్న రిక్షా తొక్కేవారు. నా మూడేళ్లు ఉన్నవి ఉన్నట్లు చెబుతాను.

ఐటీఐ అయ్యాక ఒక మేస్త్రి దగ్గర నెలకు 1,500 రూపాయలకు చేరాను. మొదటి ఆరు నెలలు నిచ్చెన పట్టుకోవడం, పనిముట్ల సంచి మోయడం, ఫిల్టర్లు కడగడం. సర్టిఫికెట్ ఉన్నా ఇదేమి పని అని ఒకరోజు ఏడ్చాను కూడా. ఏడో నెలలో రాగి గొట్టం చేతికిచ్చి ఫ్లేరింగ్ చేయమన్నారు. గొట్టం చివరను గరాటులా విప్పి నట్టు బిగించడమన్నమాట. చూడటానికి రెండు నిమిషాల పని. ఆ అంచులో వెంట్రుకంత చీలిక ఉన్నా గ్యాస్ మెల్లగా పోతుంది, మూడు నెలలకు ఏసీ చల్లబడటం మానేస్తుంది. మేస్త్రి నా చేత పాత గొట్టాల ముక్కల మీద వంద సార్లయినా చేయించి ఉంటారు. ఈ రోజుకీ నేను బిగించిన నట్టు దగ్గర సబ్బు నురగ వేసి చూడకుండా ఇల్లు దాటను.

మరి మేస్త్రి ఉంటే ఐటీఐ ఎందుకు అంటారేమో. నేను చేరినప్పుడు ఎక్కడ చూసినా ఆర్-22 గ్యాస్. తర్వాత ఆర్-410ఏ వచ్చింది, ఇప్పుడు కొత్త ఏసీలలో ఎక్కువగా ఆర్-32. ఇది నిప్పంటుకునే గుణం ఉన్న గ్యాస్. గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగా మంట పెట్టి అతికించబోతే ప్రాణం మీదికి వస్తుంది. కొత్త గ్యాస్ వచ్చిన ప్రతిసారీ పీడనం ఎంత, నూనె ఏది అన్న లెక్క నాకు సులభంగా ఎక్కింది, ఎందుకంటే మూలం ఐటీఐలో చదువుకున్నాను. నాతోపాటు నేర్చుకున్న ఇద్దరు చేతిలో నాకంటే నిపుణులే, కానీ చదవడానికి జంకి పాత మిషన్ల దగ్గరే ఆగిపోయారు. అందుకని మీ వాణ్ని నేరుగా షాపులో పెట్టేయకండి. ఇంటర్ పాసైనవాళ్లు కూడా ఐటీఐలో చేరవచ్చు. తర్వాత ఒక ఏడాది అప్రెంటిస్‌గా, అంటే పని చేస్తూ నేర్చుకునేవాడిగా చేయించండి. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది, దాని కింద చేరితే స్టైపెండ్ ఇచ్చి తీరాలి.

డబ్బు సంగతి కూడా చెబుతాను. మా పనికి మాఘం వెళ్లాక గిరాకీ మొదలై రోహిణి కార్తెతో అయిపోతుంది. ఆ నాలుగు నెలలు రాత్రి పదింటికి కూడా అన్నం తినే తీరిక ఉండదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఫోను మోగదు. మొదటి ఏడాది ఇది తెలియక వేసవి డబ్బంతా ఖర్చు చేసి చలికాలంలో చెల్లెలి దగ్గర చేయి చాచాను. ఆ తర్వాత ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు నేర్చుకున్నాను.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. నాతో పనిచేసే కుర్రవాడు మూడో అంతస్తు సజ్జ మీద నుంచి పడ్డాడు. బెల్టు లేదు. వాడికి నడుము కింద స్పర్శ లేదు, ఇప్పుడు 31 ఏళ్లు. ప్రతి ఆదివారం వెళ్లి చూసి వస్తాను. మీ వాడు ఎవరి దగ్గర చేరినా జీతం కంటే ముందు బెల్టు ఇస్తారా, చేతి తొడుగులు ఇస్తారా అని అడగండి. ఇవ్వని చోట ఒక్క రోజు కూడా ఉంచకండి.

కాజీపేట నుంచి ఒక రైల్వే ఉద్యోగి

అక్కా, మీ తమ్ముడిగా రాస్తున్నాను. నాది ఐటీఐ ఫిట్టర్. తర్వాత దక్షిణ మధ్య రైల్వేలో అప్రెంటిస్ చేశాను. దానికి రాత పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి ఎంపిక చేస్తారు. కాబట్టి ఐటీఐలో ఎలాగైనా పాసైతే చాలనుకోవద్దని బాబుకు చెప్పండి. అప్రెంటిస్ పూర్తి చేసినవారికి రైల్వే లెవెల్-1 ఉద్యోగాల్లో, అంటే హెల్పర్ లాంటి మొదటి మెట్టు ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. పరీక్ష రాయాలి, కానీ పోటీ వేరుగా ఉంటుంది.

అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలు ఇంజను డ్రైవరుకు సహాయకుడు కావాలని నా కోరిక. పదో తరగతితో పాటు ఐటీఐ ఉంటే రాయవచ్చు. నేను రెండు రాత పరీక్షలు, ఆప్టిట్యూడ్ పరీక్ష దాటి వైద్య పరీక్షలో ఆగిపోయాను. ఆ ఉద్యోగానికి కళ్లద్దాలు లేకుండా చూపు సరిగా ఉండాలి, రంగులు స్పష్టంగా గుర్తించాలి. లేజర్ శస్త్రచికిత్స చేయించుకున్నా తీసుకోరు. రెండేళ్లు చదివిన తర్వాత తెలిసింది. ఇంటికి వచ్చి పుస్తకాలు అటక మీద పెట్టేశాను. ఇప్పుడు టెక్నీషియన్‌గా ఉన్నాను, సంతోషంగానే ఉన్నాను. కానీ మీరు మాత్రం ఏ పరీక్షకైనా చదివించే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష కూడా చేయించండి. చాలా చిన్న ఖర్చు.

బావగారికి ఒక మాట చెప్పండి. రెండేళ్ల ఐటీఐ చేసినవారికి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మా విభాగంలో అలా వెళ్లినవారున్నారు. బాబుకు పాతికేళ్లకు చదవాలనిపిస్తే అప్పుడు చదువుతాడు.

జగిత్యాల నుంచి ఒక వెల్డర్

అమ్మా, మీ ఊరివైపు గల్ఫ్ ఏజెంట్లు తక్కువ కావచ్చు, కానీ పని నేర్చుకున్న పిల్లవాడి చెవిన ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. నేను 19 ఏళ్లకు ఏ పనీ రాకుండా ఆజాద్ వీసా మీద వెళ్లాను. 80 వేలు అప్పు. వీసాలో పేరున్న యజమాని ఒకరు, పని చేసింది ఇంకొకరి దగ్గర. నాలుగు నెలల జీతం ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి. తిరిగి వచ్చి అప్పు తీర్చడానికే రెండేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఏడాది వెల్డర్ ట్రేడు చేశాను. రోజూ ప్లేట్ల మీద, తర్వాత గొట్టాల మీద. 6జీ పరీక్ష అని ఒకటి ఉంటుంది. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, దాన్ని కదిలించకుండా చుట్టూ వెల్డింగ్ చేయాలి. మూడోసారికి పాసయ్యాను. ఈసారి ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ద్వారా వెళ్లాను. వాళ్లు తీసుకోగలిగిన రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. అంతకు మించి అడిగిన వాడి గుమ్మం ఎక్కవద్దు. ఒకే విమానాశ్రయంలో రెండుసార్లు దిగాను, మొదటిసారి నన్ను లెక్కపెట్టుకుని తీసుకువెళ్లారు, రెండోసారి పేరు పెట్టి పిలిచారు.

రాజమహేంద్రవరం నుంచి మగ్గం పని చేసే ఒక అక్క

వదినగారూ, మీరు కుడతారని చదివి రాయాలనిపించింది. నేనూ ఇంటర్‌తో ఆపినదాన్నే. 2014లో మా జిల్లా గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో నేర్చుకున్నాను. బ్యాంకులు నడిపే సంస్థ అది, ఇలాంటివి దాదాపు ప్రతి జిల్లాలో ఉన్నాయి. వసతి, భోజనం, శిక్షణ అన్నీ ఉచితం. 18 ఏళ్లు నిండి ఉండాలి. మీ బాబుకు పనికి వచ్చే సంగతి ఏమిటంటే, అక్కడ మోటారు రీవైండింగ్ కోర్సు కూడా ఉంటుంది, 30 రోజులు. అది ఐటీఐకి బదులు కాదు. చేరేలోగా వేసవిలో చేయిస్తే వాడికి ఈ పని నిజంగా ఇష్టమో, దూరం నుంచి చూస్తే బాగుందో తేలిపోతుంది.

నా మూడేళ్లలో మొదటి ఏడాది చుట్టాల జాకెట్లకు డబ్బు అడగలేకపోయాను. పూసలు, జరీ నా ఖర్చే. రెండో ఏడాది గోడకు ధరల కాగితం అంటించాను. కొందరు అలిగారు, పని మాత్రం పెరిగింది. తర్వాత రాత్రిపూట చదువుకుని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పూర్తి చేశాను. ఉద్యోగం కోసం కాదు, చదవాలనిపించింది.

నరసరావుపేట తల్లి

మీ అందరి మాటలూ నిన్న రాత్రి వాడి చేత పైకి చదివించాను. ఆయన గుమ్మంలో కూర్చుని విన్నారు. ఏసీ తమ్ముడు రాసిన ఆ కుర్రవాడి సంగతి దగ్గర వాడు ఆగిపోయాడు, కాసేపటికి ఆయనే “చదవరా” అన్నారు. ఈ ఉదయం నాతో చెప్పకుండా రీవైండింగ్ షాపుకు వెళ్లి, సెలవుల్లో కుర్రవాణ్ని రానిస్తారా, కరెంటు పనికి తొడుగులు ఇస్తారా అని అడిగి వచ్చారట. వచ్చి కడుపునిండా తిన్నారు.

ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు దరఖాస్తు పెడుతున్నాం. వాడికి రెండు నెలల్లో 18 నిండుతాయి, ఆ 30 రోజుల శిక్షణ సంగతి కూడా కనుక్కుంటాం. ఒక సందేహం. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్స్ ఇచ్చేయాలా? పెద్దవాడి అనుభవంతో ఆ మాట వింటేనే గుండె దడదడలాడుతోంది.

విజయవాడ ఏసీ మెకానిక్

టీసీ మాత్రం ఒరిజినల్ తీసుకుంటారమ్మా. పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు చూసి తిరిగి ఇవ్వమని అక్కడే అడిగి తీసుకోండి. కుల, నివాస ధ్రువపత్రాలతో కలిపి మూడేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి. ట్రేడు ఎంచుకునేటప్పుడు మొదటి వరుసలో ఎలక్ట్రీషియనే రాయించండి, బాగా అడిగే ట్రేడు, ముందే నిండిపోతుంది. తెల్లవారి బస్సుకే బయలుదేరండి. వీలైతే ఆయనను కూడా తీసుకువెళ్లండి.