వైజాగ్‌లో మెరైన్ ట్యాంకు: సముద్రపు నీళ్లా, ప్యాకెట్ ఉప్పా?

బీచ్‌రోడ్_క్లౌన్:
150 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం. రెండు క్లౌన్ ఫిష్, నాలుగు సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడపు జీవులు). వారానికి 15 లీటర్లు మార్చాలి. కిలోమీటరు దూరంలో సముద్రాన్ని పెట్టుకుని అక్వేరియంల కోసం అమ్మే మెరైన్ ఉప్పు ప్యాకెట్లు కొనడమేంటని ఇంట్లో ఒకటే గోల. క్యాన్లతో తెచ్చి పోసేయొచ్చా? లేదంటే ఆర్వో నీళ్లలో నౌపడ కల్లుప్పు కలిపితే నడుస్తుందా?

ఉప్పులెక్క:
కల్లుప్పు వద్దు. మడిలో నీళ్లు ఇగిరేటప్పుడు కాల్షియం చాలావరకు ముందే జిప్సంగా దిగిపోతుంది. ఆ తర్వాత పేరుకునేదే మనం తినే ఉప్పు. మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతాయి. అంటే మీ చేతికొచ్చేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడ్. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ 35 (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) దగ్గర్లోనే చూపిస్తుంది, కోరల్ మాత్రం ముడుచుకునే ఉంటుంది.

సముద్రపు నీళ్లు వాడొచ్చుగానీ ఏడాది పొడుగునా కాదు. మార్చి నుంచి మే దాకా మన తీరంలో ఉప్పు చిక్కగా ఉంటుంది. వానాకాలం అయ్యాక ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగ, మహానది నీళ్లని ఇటు మోసుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఒడ్డు దగ్గర 30 కంటే కిందకీ పోతుంది. కొలవకుండా పోయొద్దు. 28 వచ్చిందనుకోండి, 35కి తేవాలంటే 20 లీటర్ల క్యానుకి లెక్క ప్రకారం 140 గ్రాములు. మెరైన్ ఉప్పులో తేమ ఉంటుంది కాబట్టి 155 దాకా పడుతుంది. చివరి గుప్పెడు కొలుచుకుంటూ వేయండి.

గెడ్డకి_దూరం:
ఎక్కడ పడుతున్నారన్నదే అసలు సంగతి. గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట, ఫిషింగ్ హార్బర్ పక్కన, భీమిలిలో గోస్తనీ నది మొగ దగ్గర పట్టనే వద్దు. పడవల అడుగున పూసే రంగుల్లో రాగి ఉంటుంది. రొయ్యలు, కోరల్స్ దానికి ఆగవు, బ్లీచ్ రాగిని తియ్యదు. వాన పడితే వారం ఆగండి. పోటు నిండుగా ఉన్నప్పుడు పట్టండి. ఇనుప బకెట్ వద్దు.

తెచ్చిన క్యాను మూత బిగించి మూలన పెట్టడమే అందరూ చేసే తప్పు. అందులో కంటికి కనబడని జీవాలుంటాయి. అవి చచ్చి కుళ్లితే అమ్మోనియా లేస్తుంది. మూత తియ్యగానే కుళ్లిన గుడ్డు కంపు కొడితే పారబోయడమే.

రొయ్యల హేచరీల్లో చేసినట్టే చేయండి. 5 మైక్రాన్ల సంచిలో వడగట్టి, 100 లీటర్లకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (లిక్విడ్ బ్లీచ్) 20 మి.లీ. కలిపి (10 పీపీఎం, అంటే లీటరుకి 10 మి.గ్రా. క్లోరిన్ అవుతుంది), 24 గంటలు గాలి కొట్టించండి. సువాసన, సబ్బు కలిసిన బ్లీచ్ పనికిరాదు. తర్వాత ఓటీవో (క్లోరిన్ టెస్టు) చుక్కలకి పసుపు తిరిగితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు. క్లోరిన్‌ని పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ 2 గ్రాములతో మొదలుపెట్టి పసుపు పోయేదాకా వేయండి. 7 గ్రాములు దాటే పని పడదు. గాలి మాత్రం ఆపొద్దు.

రీఫ్‌పిచ్చి_హైదరాబాద్:
ఇంత తతంగం 15 లీటర్లకా? అదే ప్యాకెట్ ఉప్పయితే 550 గ్రాములు! మొదటిసారి ట్యాంకు నింపడానికి వేసవిలో సముద్రపు నీళ్లు తెచ్చుకోండి, అక్కడ నిజంగా డబ్బు మిగులుతుంది. వారం వారం మార్చడానికి ఉప్పే మేలు.

ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి పొడిగా విడిపోతాయి. మళ్లీ కరగవు. వైజాగ్ ఉక్కకి ప్యాకెట్ గడ్డకట్టినా ఇదే తంటా. విప్పగానే గాలి చొరని డబ్బాలోకి మార్చండి. వాడేముందు డబ్బాని నాలుగు దొర్లులు దొర్లించండి, సన్నటిది అడుగుకి చేరి ఉంటుంది.

బీచ్‌రోడ్_క్లౌన్:
అర్థమైంది అన్నా. మా తాగే ఆర్వో నీళ్లకి టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 60 వస్తోంది, పర్లేదా?

రీఫ్‌పిచ్చి_హైదరాబాద్:
రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ మెంబ్రేన్ దాటని పచ్చి నీళ్లు కలుపుతూ ఉంటుంది. మెంబ్రేన్ దాటగానే, మినరల్ క్యాట్రిడ్జ్‌కి ముందే ఒక టీ-జాయింట్ వేసి గొట్టం లాగండి. దానికి మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ తగిలిస్తే సున్నాకి దిగుతుంది.

ఉప్పులెక్క:
రిఫ్రాక్టోమీటర్‌ని ఒట్టి ఆర్వో నీళ్లతో సరిచూసి వదిలేయొద్దు. 963.5 గ్రాముల ఆర్వో నీళ్లలో 36.5 గ్రాముల తేమలేని వంటింటి ఉప్పు కరిగించండి, అది 35 చూపించాలి. వంటింటి ఉప్పుకి ఇక్కడ ఈ ఒక్క పనీ ఉంది!